ఆస్కార్ వారంలో హాలీవుడ్: మంగళవారం నుంచి సోమవారం దాకా

మార్చి 7, మంగళవారం

ఆస్కార్ సందడి చూడాలని లాస్ ఏంజలిస్ వెళ్ళేవాళ్ళు చాలామంది ఆదివారం నాటికి అక్కడుంటే చాలనుకుంటారు. ఆదివారం చూడగలిగింది నిజానికి చాలా తక్కువ. ఆ వేడుక టికెట్లు బయట అమ్మరు, వీధి దగ్గరికి రానివ్వరు. చూడాల్సినదంతా అంతకుముందు రోజుల్లోనే ఉంటుంది. 2023 వారాన్నే తీసుకుని రోజువారీగా చెబుతున్నాం. ఏటా తేదీలు మారతాయి, తీరు మాత్రం దాదాపు ఇదే.

95వ అకాడమీ అవార్డుల (అంటే ఆస్కార్ల) తుది ఓటింగ్ మార్చి 2న ఉదయం 9 గంటలకు మొదలై 7వ తేదీ మంగళవారం సాయంత్రం 5 గంటలకు ముగిసింది. అంటే ఎవరు గెలిచారన్నది ఆ సాయంత్రమే ఖాయమైపోయింది. తర్వాత ఐదు రోజులూ టీవీల్లో, పత్రికల్లో నడిచే జోస్యాలు, పార్టీల్లో కరచాలనాలు ఒక్క ఓటును కూడా మార్చలేవు. మంగళవారానికే ఊరు చేరమనడంలో కిటుకు ఇదే: ఓట్ల హడావుడి ముగిసి, వీధి హడావుడి మొదలయ్యే రోజు అది.

హైదరాబాద్ నుంచి లాస్ ఏంజలిస్‌కు నేరుగా విమానం లేదు. మధ్యలో ఒకచోట మారాల్సిందే. విమానాశ్రయం నుంచి టాక్సీ ఎక్కక్కర్లేదు. ఫ్లైఅవే బస్సు టెర్మినళ్ళ ముందే ఆగి సరాసరి యూనియన్ స్టేషన్‌లో దించుతుంది. 2023లో టికెట్ పది డాలర్ల లోపే. అక్కడ ట్యాప్ కార్డు కొనుక్కుని, మెట్రో బి లైన్‌లో నార్త్ హాలీవుడ్ వైపు వెళ్ళే రైలు ఎక్కాలి. 2023 మార్చిలో ఒకసారి కార్డు తాకిస్తే 1.75 డాలర్లు, రెండు గంటలపాటు అదే దిశలో ఎన్ని బండ్లు మారినా మళ్ళీ డబ్బు పోయేది కాదు.

బస విషయంలో జనం ఎక్కువగా తప్పు చేస్తారు. వేడుక జరిగే డాల్బీ థియేటర్‌కు ఆనుకుని ఉన్న లోవ్స్ హాలీవుడ్ హోటల్ ఆ వారం సగం అవార్డులిచ్చే అకాడమీదే, విజేతలతో విలేకరుల సమావేశాలు జరిగేది అందులోనే. చుట్టుపక్కల హోటళ్ళలో గది దొరికినా ఆదివారం గుమ్మం దాటాలంటే కంచెలూ తనిఖీలూ. పైగా థియేటర్ కింద ఉన్న హాలీవుడ్/హైలాండ్ మెట్రో స్టేషన్‌ను వేడుక రోజు మూసేస్తారు, రైళ్ళు ఆగకుండా వెళ్ళిపోతాయి. అందుకని అదే బి లైన్ మీద హాలీవుడ్/వైన్ దగ్గరో, యూనివర్సల్ సిటీ దగ్గరో, కొరియాటౌన్ దగ్గరో గది చూసుకోవడం మేలు. ఖర్చూ తగ్గుతుంది, కాళ్ళకూ పని తగ్గుతుంది.

మార్చి 8, బుధవారం

కార్పెట్ పరిచే రోజు. హాలీవుడ్ బౌలెవార్డ్‌లో హైలాండ్ అవెన్యూకూ ఆరెంజ్ డ్రైవ్‌కూ మధ్య ముక్కను వారం ముందునుంచే వాహనాలకు మూసేస్తారు. రోడ్డు మధ్యలో ఇనుప చట్రాలు లేస్తాయి, పైన గుడారం కప్పుతారు, కెమెరాలకు మెట్ల వేదికలు కడతారు. ఇదంతా పక్క కాలిబాట నుంచి చూడవచ్చు. రోజులు గడిచేకొద్దీ ఆ దారి ఇరుకైపోతుంది కాబట్టి బుధ, గురువారాల్లో ఉదయం పూటే వెళ్ళాలి.

2023లో విశేషం రంగు. 1961 నుంచి ఏటా ఎర్రగా ఉంటూ వచ్చిన కార్పెట్‌ను ఈసారి షాంపేన్ రంగులో వేశారు. ఇసుకకూ లేత బంగారానికీ మధ్య ఉండే రంగు అది. పైన గుడారం నారింజ ఛాయలో ఉంది. వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ కార్పెట్ విప్పే కార్యక్రమానికి వచ్చి, ఎరుపు మానేశారంటే ఈసారి రక్తం చిందదని నిర్వాహకులకు ఎంత నమ్మకమో చూడండి అని చమత్కరించాడు. ముందు ఏడాది వేదిక మీద నటుడు విల్ స్మిత్ హాస్యనటుడు క్రిస్ రాక్‌ను కొట్టిన చెంపదెబ్బ గురించి ఆ మాట. కిమ్మెల్ రోజూ చేసే రాత్రి షో స్టూడియో కూడా థియేటర్‌కు ఎదురుగానే, ఎల్ కాపిటన్ థియేటర్ పక్క భవనంలో ఉంది. ఊళ్ళో పెళ్ళికి పక్కింటాయనే పురోహితుడన్నట్టు!

ఎరుపు రంగు ఎందుకు అంతకాలం నిలిచిందో ఆదివారం నాటికి తెలిసివచ్చింది. లేత రంగు మీద వందల జతల బూట్ల మరకలు పడ్డాయి, వెండి, తెలుపు, గోధుమ రంగు గౌన్లు నేపథ్యంలో కలిసిపోయాయి. ఫొటోకు ఎరుపే మంచిదన్నది మా అభిప్రాయం.

వీధిలో జాగ్రత్తలు రెండు. సినిమా పాత్రల వేషాలు వేసుకున్నవాళ్ళు నవ్వుతూ వచ్చి పక్కన నిలబడతారు. ఫొటో తీసుకున్నామా, డబ్బు అడుగుతారు. ఇవ్వదలచుకోకపోతే కెమెరా పైకెత్తకముందే వద్దనాలి. చేతిలో సీడీ పెట్టి ఉచితమంటూ పేరడిగి సంతకం చేసేవాళ్ళుంటారు. తీసుకుంటే ఉచితం కాదు.

మార్చి 9, గురువారం

ఈ రోజు డౌన్‌టౌన్‌కు వెళ్ళాలి, హాలీవుడ్‌కు కాదు. అకాడమీ పుట్టింది అక్కడే మరి. పెర్షింగ్ స్క్వేర్ స్టేషన్‌లో దిగి పైకి రాగానే కనిపించే బిల్ట్‌మోర్ హోటల్‌లో 1927 మే 11న జరిగిన విందులో సంస్థ మొదటి సభ్యులను చేర్చుకుంది. 1930లలో, 40ల మొదట్లో చాలా అవార్డుల విందులు కూడా ఇక్కడే. హోటల్ లాబీలోకి ఎవరైనా వెళ్ళవచ్చు.

అక్కడి నుంచి బ్రాడ్‌వే వీధి పట్టుకుని 9వ వీధి దాకా నడిస్తే 1927లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ కట్టించిన పాత థియేటర్ వస్తుంది. 2023 మార్చిలో దాని పేరు ద థియేటర్ ఎట్ ఏస్ హోటల్. ఆ హోటల్ తర్వాత మూతపడింది, థియేటర్ ఇప్పుడు యునైటెడ్ థియేటర్ పేరుతో నడుస్తోంది. ఆస్కార్ వారానికి కొద్దిగా ముందు, మార్చి 1న ‘ఆర్ఆర్ఆర్’ను 1,600 పైచిలుకు సీట్లున్న ఈ హాల్లో వేశారు, సీట్లన్నీ నిండాయి. రెండు రోజుల తర్వాత అమెరికాలో సినిమా మళ్ళీ థియేటర్లలో విడుదలైంది. తేదీలు చూడండి: మార్చి 1న ప్రదర్శన, 2న ఓటింగ్ ప్రారంభం, 3న తిరిగి విడుదల. పంపిణీ చేసిన వేరియన్స్ ఫిల్మ్స్ లెక్క లేకుండా పెట్టుకున్న తేదీలు కావవి. ఓటరు బ్యాలెట్ తెరిచే వారంలో సినిమా పేరు నలుగురి నోళ్ళలో నానాలి. ప్రచారమంటే ఆ నానబెట్టడమే.

మధ్యాహ్నం గ్రాండ్ అవెన్యూ ఎక్కితే డొరతీ చాండ్లర్ పెవిలియన్. సివిక్ సెంటర్ స్టేషన్ దగ్గర. మన పాఠకులకు డౌన్‌టౌన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్లు ఇవి. 1983 ఏప్రిల్ 11న ‘గాంధీ’ దుస్తుల రూపకల్పనకు జాన్ మోలోతో కలిసి భాను అథయ్య ఇక్కడే అవార్డు అందుకుంది. ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమె. ఆ ప్రతిమను 2012లో భద్రంగా ఉంచమని ఆమే అకాడమీకి తిరిగి ఇచ్చేసింది. సత్యజిత్ రాయ్‌కి 1992లో గౌరవ పురస్కారం ప్రకటించిందీ ఇక్కడే, ఆయన కలకత్తా ఆస్పత్రి మంచం మీద నుంచి వీడియోలో మాట్లాడాడు. 1987 వేడుక కూడా ఇక్కడిదే. ఆ ఏడాది పోటీకి భారత్ అధికారికంగా పంపిన చిత్రం కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’, నామినేషన్ దాకా రాలేదు. 2023 ఆస్కార్ వారానికి నెల రోజుల ముందే, ఫిబ్రవరి 2న విశ్వనాథ్ కన్నుమూశాడు.

ఇంకా ఓపికుంటే ఇ లైన్‌లో జెఫర్సన్/యూఎస్‌సీ స్టేషన్ దగ్గర దిగి ష్రైన్ ఆడిటోరియం చూడవచ్చు, ‘సలామ్ బాంబే’ నామినీగా ఉన్న 1989 వేడుక అక్కడిది. కోవిడ్ ఏడాది 2021లో వేడుక జరిగిన చోటు ఎటూ దిగగానే చూసే ఉంటారు: యూనియన్ స్టేషనే.

అదే రాత్రి మెల్రోజ్ అవెన్యూలోని పారమౌంట్ స్టూడియోలో ప్రియాంక చోప్రా తదితరులు దక్షిణాసియా నామినీల కోసం విందు ఇచ్చారు. ఆహ్వానం ఉన్నవాళ్ళకే. గేటు బయట నిలబడితే నల్లద్దాల కార్లు తప్ప ఏమీ కనిపించవు.

మార్చి 10, శుక్రవారం

విల్‌షైర్ బౌలెవార్డ్ రోజు. ఆ ఏడాది మార్చిలో కాలిఫోర్నియా అంతా వానలు. గొడుగు తప్పనిసరి. హాలీవుడ్ నుంచి 217 నంబరు బస్సు ఫెయిర్‌ఫాక్స్ అవెన్యూ మీదుగా సరాసరి అకాడమీ మ్యూజియం దగ్గర దించుతుంది. 1939 నాటి మే కంపెనీ దుకాణ భవనాన్ని ఆర్కిటెక్ట్ రెంజో పియానో మార్చి, వెనక గోళాకార కట్టడంలో వెయ్యి సీట్ల థియేటర్ కట్టాడు. 2021 సెప్టెంబర్ 30న తెరిచారు. 2023లో పెద్దలకు 25 డాలర్లు, పదిహేడేళ్ళలోపు పిల్లలకు ఉచితం. టికెట్‌కు ముందుగానే ఆన్‌లైన్‌లో సమయం ఎంచుకోవాలి. ఆస్కార్ వారంలో అప్పటికప్పుడు వెళ్ళి కొందామంటే పప్పులు ఉడకవు. లఘుచిత్రాలు, డాక్యుమెంటరీలు, అంతర్జాతీయ చిత్రాల నామినీలతో ఆ వారం జరిగే కార్యక్రమాలు కూడా ఈ భవనంలోనే. సామాన్యుడు నామినీని దగ్గరగా చూసి, ప్రశ్న అడగగలిగే చోటు ఊరు మొత్తంలో ఇదొక్కటే అనవచ్చు. వాటి టికెట్లు ప్రకటించిన రోజే చూసుకోవాలి.

లోపల అవార్డుల చరిత్ర గదిలో అసలు ప్రతిమలు వరసగా నిలబెట్టారు. 2023 మార్చిలో అందులో ఒక అద్దాల పెట్టె ఖాళీగా ఉండేది. 1940లో సహాయనటి అవార్డు గెలిచి, ఆ రాత్రి మిగతా బృందానికి దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చిన నల్లజాతి నటి హాటీ మెక్‌డానియల్‌ది ఆ చోటు. అప్పట్లో సహాయ నటీనటులకు ప్రతిమ కాదు, ఫలకం ఇచ్చేవాళ్ళు. ఆమె ఫలకం హోవర్డ్ విశ్వవిద్యాలయంలో కనిపించకుండా పోయింది. బదులు ఫలకాన్ని అకాడమీ 2023 అక్టోబర్‌లో ఆ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది.

ప్రతిమ లెక్కలు కూడా ఇక్కడే తెలుసుకోవచ్చు. ఎత్తు పదమూడున్నర అంగుళాలు, బరువు ఎనిమిదిన్నర పౌన్లు, అంటే దాదాపు 3.85 కిలోలు. గట్టి కంచు పోత మీద 24 క్యారెట్ల బంగారు పూత. 2016 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని పోలిచ్ టాలిక్స్ పోతశాలలో తయారవుతోంది. కాళ్ళ కింది ఫిల్మ్ రీలుకు ఐదు చువ్వలుంటాయి, మొదటి ఐదు శాఖల గుర్తుగా: నటులు, దర్శకులు, నిర్మాతలు, సాంకేతిక నిపుణులు, రచయితలు. గెలిచినవాళ్ళు దాన్ని అమ్ముకోదలిస్తే ముందుగా ఒక్క డాలరుకు అకాడమీకే ఇవ్వజూపాలన్నది ఒప్పందం. విడిగా టికెట్ కొంటే నకలు వేదిక మీద నిజం ప్రతిమను పట్టుకుని వీడియో తీయించుకునే ఏర్పాటు కూడా 2023లో ఉంది. చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది, ఒంటిచేత్తో పైకెత్తి మాట్లాడ్డం ఎంత కష్టమో.

మధ్యాహ్నం విల్‌షైర్ మీదే 720 లేదా 20 నంబరు బస్సులో పడమరకు వెళితే బెవర్లీ హిల్స్‌లో 8949 నంబరు భవనం, అకాడమీ ప్రధాన కార్యాలయం. అందులోని శామ్యూల్ గోల్డ్విన్ థియేటర్‌లోనే జనవరి 24న తెల్లవారుజామున 5:30కి రిజ్ అహ్మద్, ఆలిసన్ విలియమ్స్ నామినేషన్లు చదివారు. మనకప్పుడు సాయంత్రం 7 గంటలు. ఇంకా ముందుకెళితే బెవర్లీ హిల్టన్ హోటల్. జనవరి 10న ‘నాటు నాటు’కు గోల్డెన్ గ్లోబ్ వచ్చిందీ, ఫిబ్రవరి 13న నామినీలందరికీ భోజనం పెట్టి ఒకే ఫొటో తీసిందీ అక్కడే. ఆ ఫొటోలో కీరవాణి, చంద్రబోస్ ఉన్నారు.

ఒక తెలుగు పాట ఆ మెట్ల దాకా ఎలా వచ్చిందో చెప్పుకోవడానికి ఈ బస్సు ప్రయాణమే తగిన చోటు. అంతర్జాతీయ చిత్రం విభాగంలో దేశానికి ఒక్క సినిమాయే వెళ్ళాలి. భారత్ ఆ ఏడాది గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ను పంపింది. అది 15 చిత్రాల వడపోత జాబితా దాకా వెళ్ళి ఆగింది. ‘ఆర్ఆర్ఆర్’కు మిగిలిన దారి అమెరికాలో విడుదలైన ఏ సినిమాకైనా ఉండే సాధారణ విభాగాలు. నిర్ణీత నగరాల్లో ఏదో ఒకచోట థియేటర్లో కనీసం వారం రోజులు ఆడి ఉండాలి. పాటకైతే ఇంకో మెలిక: మాటా బాణీ రెండూ ఆ సినిమా కోసమే కొత్తగా రాసినవై ఉండాలి, సినిమా నడుస్తుండగా వినిపించాలి, లేదా చివరి టైటిళ్ళలో మొదటి పాటై ఉండాలి. మాటలు స్పష్టంగా వినబడాలి.

ఆ ఏడాది అర్హత పొందిన పాటలు 81. సంగీత శాఖ సభ్యులకు ప్రతి పాటనూ సినిమాలో ఎలా వాడారో చూపించే మూడు నిమిషాల్లోపు దృశ్యం పంపిస్తారు. వాళ్ళ ఓట్లతో డిసెంబర్ 21న 15 పాటలు మిగిలాయి, జనవరి 24న ఐదు. ఇంతవరకూ ఓటు సంగీతకారులదే. తుది విడతలో మాత్రం నటుడు, ఎడిటర్, మేకప్‌మాన్ అన్న తేడా లేకుండా తొమ్మిదిన్నర వేల పైచిలుకు సభ్యులందరూ ఓటు వేయవచ్చు. దృశ్యం చూపించి ఓటడిగే ఈ పద్ధతి ‘నాటు నాటు’కు కలిసొచ్చిందని మా అంచనా. మిగతా నాలుగింటిలో చాలావరకు ముగింపు టైటిళ్ళ మీద వచ్చే పాటలు. ఇదొక్కటే కథ మధ్యలో ఇద్దరు హీరోలు కాళ్ళు విరగదొక్కుకునే పాట, 2021 ఆగస్టులో కీవ్‌లోని మారియిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీసింది. ప్రేమ్ రక్షిత్ వేసిన అడుగు తీసేసి పాట మాత్రమే వినిపించి ఓటడిగితే పోటీ వేరేగా ఉండేదేమో.

మార్చి 11, శనివారం

కాలినడక రోజు. హాలీవుడ్/వైన్ స్టేషన్‌లో దిగి పడమరకు, సుమారు మైలు. ఎదురుగానే పాంటేజెస్ థియేటర్, 1950 నుంచి 1960 దాకా వేడుకలు ఇక్కడే. 1953లో తొలిసారి టీవీలో చూపించినప్పుడు హాలీవుడ్ వేదిక ఇదే. 1958 మార్చి 26న విదేశీ చిత్రాల నామినీల్లో ‘మదర్ ఇండియా’ పేరు చదివిందీ ఇక్కడే, అవార్డు ఫెల్లినీ ‘నైట్స్ ఆఫ్ కబీరియా’కు వెళ్ళింది.

నడుచుకుంటూ హైలాండ్ దాటితే కంచెల దగ్గర మలుపులు తిప్పుతారు. ఒకవైపు చైనీస్ థియేటర్, 1944 నుంచి మూడేళ్ళు వేడుకలకు వేదిక. ఇప్పుడు 932 సీట్ల ఐమాక్స్. 2023 జనవరి 9న ఇక్కడ ‘ఆర్ఆర్ఆర్’ వేస్తే టికెట్లు 98 సెకన్లలో అయిపోయాయని నిర్వాహకులు ప్రకటించారు. ఆస్కార్ వారంలో ముంగిట్లోని చేతిముద్రల రాళ్ళు గుడారాల వెనక పడిపోతాయి. వాటికోసమే వచ్చేవాళ్ళు వేరే వారం రావాలి.

ఎదురుగా రూజ్‌వెల్ట్ హోటల్. 1929 మే 16న బ్లాసమ్ బాల్‌రూమ్‌లో మొదటి వేడుక: 270 మంది అతిథులు, టికెట్ 5 డాలర్లు, బహుమతులివ్వడానికి పట్టింది పావుగంట. విజేతల పేర్లు మూడు నెలల ముందే ప్రకటించేశారు. ఇప్పుడు గుట్టుగా దాచి మూడున్నర గంటలు సాగదీస్తున్నారు. రెండింటిలో ఏది నయమో చెప్పడం కష్టం.

శనివారమే ఇంకో ముచ్చట. ఆస్కార్‌కు ముందురోజు చెత్త సినిమాలకిచ్చే గోల్డెన్ రాస్ప్‌బెర్రీ (రాజీ) అవార్డులు ప్రకటిస్తారు. 2023లో చెత్త చిత్రం ‘బ్లాండ్’. అందులో మార్లిన్ మన్రోగా నటించిన ఆనా డె ఆర్మస్ మర్నాడు ఆస్కార్ ఉత్తమ నటి నామినీల్లో కూర్చుంది!

రాత్రి పడుకునేముందు గడియారం చూసుకోవాలి. 2023లో అమెరికా వేసవి సమయం సరిగ్గా 12వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు మొదలైంది, ముల్లు గంట ముందుకు దూకింది. ఫోన్ దానంతటదే మారుతుంది, హోటల్ గదిలోని గడియారం మారదు. మన దేశంతో తేడా పదమూడున్నర గంటల నుంచి పన్నెండున్నరకు తగ్గుతుంది. ఇంట్లోవాళ్ళకు శనివారమే లెక్కేసి చెప్పకపోతే వాళ్ళు గంట ఆలస్యంగా లేస్తారు. ఆ ఏడాది వేడుక సాయంత్రం 5కి, అంటే మనకు సోమవారం ఉదయం 5:30కి.

మార్చి 12, ఆదివారం

హాలీవుడ్/హైలాండ్ స్టేషన్ మూత. బస్సులు వేరే దారుల్లో. కారులో వచ్చేవాళ్ళు సన్‌సెట్ బౌలెవార్డ్ దగ్గరే దిగిపోవాలి. అక్కడి నుంచి ఉత్తరానికి చూస్తే కనిపించేవి హెలికాప్టర్లు, కంచెలు, వరసగా కదిలే నల్ల కార్లు. మధ్యాహ్నమంతా ఇంతే. తారల కోసం నిలబడటంలో అర్థం లేదు. కారు దిగేది గుడారం లోపల. మూడు గంటలకల్లా గదికి చేరి టీవీలో ఏబీసీ పెట్టుకోవడమే తెలివైన పని, అక్కడ 7వ నంబరు చానల్. మనదేశంలో 2023లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు.

లోపల ఏం జరుగుతుందో తెలిసి చూస్తే టీవీ కూడా వేరేగా కనిపిస్తుంది. డాల్బీలో 3,300 పైగా సీట్లు. నామినీలు కింద, వేదికకు దగ్గరగా. పైన బాల్కనీల్లో మిగతా అతిథులు. ఎవరైనా లేచి వెళితే ఆ సీట్లో కూర్చోవడానికి సూట్లు వేసుకున్న మనుషులు సిద్ధంగా ఉంటారు, కెమెరాకు ఖాళీ కుర్చీ కనిపించకూడదు. ఓట్లు లెక్కపెట్టే ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ భాగస్వాములు ఇద్దరు, చెరో పెట్టెతో, వేదికకు చెరో పక్కన నిలబడతారు. రెండు పెట్టెల్లోనూ అన్ని కవర్లూ ఉంటాయి, ఇచ్చేవాళ్ళు ఎటునుంచి వచ్చినా అందేలా. 2017లో కొంప ముంచింది ఈ రెండో ప్రతే. అప్పటికే ప్రకటించిన ఉత్తమ నటి కవరు తాలూకు రెండో ప్రతి ఉత్తమ చిత్రం ప్రకటించాల్సిన నటుడు వారెన్ బీటీ చేతికి వెళ్ళింది, ‘మూన్‌లైట్’కు బదులు ‘లా లా ల్యాండ్’ పేరు చదివేశారు. ఆ తర్వాత మూడో మనిషిని కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టారు. విజేతల పేర్లన్నీ ముగ్గురికీ కంఠస్థం.

ముందు ఏడాది ఎనిమిది విభాగాలను ప్రసారానికి ముందే ఇచ్చేసి తిట్లు తిన్నారు. 2023లో మొత్తం 23 విభాగాలూ ప్రత్యక్షంగానే. ఉపన్యాసానికి 45 సెకన్లు.

పదకొండు నామినేషన్లతో వచ్చిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ ఏడు గెలిచింది: చిత్రం, దర్శకత్వం, నటి మిషెల్ యో, సహాయ నటుడు కీ హుయ్ క్వాన్, సహాయ నటి జేమీ లీ కర్టిస్, మూల స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్. జర్మన్ చిత్రం ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్ట్రన్ ఫ్రంట్’ తొమ్మిదింట నాలుగు: అంతర్జాతీయ చిత్రం, ఛాయాగ్రహణం, నేపథ్య సంగీతం, కళా దర్శకత్వం. ఉత్తమ నటుడు ‘ది వేల్’ నుంచి బ్రెండన్ ఫ్రేజర్. ‘బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్’ దుస్తులకు గెలిచిన రూత్ కార్టర్ రెండు ఆస్కార్లు సాధించిన మొదటి నల్లజాతి మహిళ. మరోవైపు ‘బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్’ తొమ్మిది, ‘ఎల్విస్’ ఎనిమిది, స్పీల్‌బర్గ్ ‘ఫేబుల్‌మాన్స్’ ఏడు, ‘టార్’ ఆరు నామినేషన్లతో వచ్చి ఉత్తచేతులతో వెళ్ళాయి. అంతా కలిపి ముప్ఫై నామినేషన్లు, సున్నా. తుది విడతలో చాలా విభాగాల్లో ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళదే గెలుపు, రెండో స్థానానికి విలువ లేదు. ఉత్తమ చిత్రానికి మాత్రం పది సినిమాలకూ వరస నంబర్లు వేయాలి, అట్టడుగు సినిమాను తీసేస్తూ ఆ ఓట్లను తర్వాతి ఇష్టానికి బదిలీ చేస్తూ సగం దాటేదాకా లెక్కిస్తారు.

భారతీయ నామినీలు మూడు చోట్ల. శౌనక్ సేన్ డాక్యుమెంటరీ ‘ఆల్ దట్ బ్రీత్స్’ ‘నవాల్నీ’ చేతిలో ఓడింది. కార్తికి గొన్‌సాల్వెస్ తీసిన, గునీత్ మోంగా నిర్మించిన తమిళ డాక్యుమెంటరీ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ లఘు విభాగంలో గెలిచింది. మూడోది పాట.

‘నాటు నాటు’ ఆ రాత్రి రెండుసార్లు కాదు, మూడుసార్లు వచ్చింది. మొదట కిమ్మెల్ ప్రారంభ ప్రసంగం చివర నాట్యకారులు వచ్చి అతణ్ణి ఆడుతూనే వేదిక మీద నుంచి తీసుకెళ్ళారు. తర్వాత దీపికా పదుకోణ్ పరిచయం చేయగా రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు, హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రామ్‌చరణ్, ఎన్టీఆర్ ఆడలేదు. ఆడిన ప్రధాన నర్తకుల్లో దక్షిణాసియా వాళ్ళు లేరన్న విమర్శ ఆ రాత్రే మొదలైంది, అది అన్యాయమైన విమర్శేమీ కాదు. మూడోసారి అవార్డు. వేడుక చివరి భాగం దాకా ఆగాలి, ధ్వని విభాగం తర్వాత వచ్చింది.

ప్రత్యర్థుల బలం తక్కువేమీ కాదు. ‘టాప్ గన్: మావెరిక్’ కోసం లేడీ గాగా, బ్లడ్‌పాప్ రాసిన ‘హోల్డ్ మై హ్యాండ్’, రిహానా తదితరుల ‘లిఫ్ట్ మీ అప్’, ‘ఎవ్రీథింగ్’ చిత్రంలోని ‘దిస్ ఈజ్ ఎ లైఫ్’, అప్పటికి పద్నాలుగోసారి నామినేట్ అయిన డయాన్ వారెన్ ‘అప్లాజ్’. జనెల్ మోనే, కేట్ హడ్సన్ కవరు విప్పారు. కీరవాణి తను అమెరికన్ గాయక ద్వయం కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ళ బాణీలోనే తన మాటలు పాడాడు. నిర్ణీత సమయంలో కృతజ్ఞతలు చెప్పడానికి అంతకన్నా నేర్పైన పద్ధతి ఆ రాత్రి మరెవరికీ తట్టలేదు. చంద్రబోస్ నమస్తే అన్నాడు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి: ఈ విభాగంలో ప్రతిమ సంగీతం కట్టినవాళ్ళకూ, మాటలు రాసినవాళ్ళకూ మాత్రమే. పాడినవాళ్ళకు, ఆడించినవాళ్ళకు, దర్శకుడికి లేదు. భారతీయ చిత్రంలోని పాటకు ఇది మొదటి ఆస్కార్. 2009లో రెహమాన్, గుల్జార్ గెలిచిన ‘జై హో’ ఉన్న ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ బ్రిటిష్ నిర్మాణం.

వేదిక మీద ఇచ్చే ప్రతిమ మీద పేరుండదు. ముందే చెక్కితే గుట్టు రట్టవుతుంది కదా. వేడుకయ్యాక పై అంతస్తులో జరిగే గవర్నర్స్ బాల్ విందులో ఒక బల్ల ఉంటుంది. విజేతలు వరసలో నిలబడి పేరు చెక్కిన పలక బిగించుకుని వెళతారు. ఐదుగురు నామినీలకూ ముందే పలకలు తయారుచేసి ఉంచుతారు, ఓడినవాళ్ళవి రీసైకిల్‌కు పంపుతారు.

మార్చి 13, సోమవారం

గుడారం విప్పడం తెల్లవారకముందే మొదలవుతుంది. స్టేషన్ తెరుస్తారు. వీధి పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. సరుకు తరలింపు వల్ల అక్కడక్కడా ఆపుతారు కాబట్టి డాల్బీ మెట్లు ఎక్కాలనుకుంటే మధ్యాహ్నం తర్వాత వెళ్ళాలి. మెట్లకు రెండువైపులా స్తంభాల మీద 1928 నుంచి ఉత్తమ చిత్రాల పేర్లు ఏడాదివారీగా ఉంటాయి. 2071 దాకా ఖాళీ పలకలు కూడా కట్టి ఉంచారు. కొత్త పేరు వెంటనే రాదు, తొందరపడి ఫొటో కోసం వెతకొద్దు. ఇదే థియేటర్‌లో, కొడాక్ పేరుతో ఉన్నప్పుడు, 2002 మార్చి 24న జరిగిన తొలి వేడుకలో ‘లగాన్’ నామినీ.

కారు అద్దెకు తీసుకుంటే ఈ రోజుకు తీసుకోవాలి, అంతకుముందు దండగ. రెండు దారులు. తూర్పు దక్షిణంగా ఆర్టీసియా ఊళ్ళో పయనీర్ బౌలెవార్డ్: మన భోజనం, మన సరుకులు, మన జనం. పడమరగా వెళితే కలబాసాస్ కొండల్లో మాలిబు వేంకటేశ్వరాలయం. అక్కడికి బస్సు నమ్ముకుని వెళ్ళలేం. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రోడ్డు మీదే పొద్దుపోతుంది.

సినిమా మీద మక్కువ ఉన్నవాళ్ళకు మూడో దారి ఉంది, అదే మా ఓటు. బెవర్లీ హిల్స్‌లో లా సియెనెగా బౌలెవార్డ్ 333 దక్షిణ నంబరులో, ఒకప్పటి నగర నీటి శుద్ధి భవనంలో, అకాడమీ వారి మార్గరెట్ హెరిక్ గ్రంథాలయం. ప్రవేశం ఉచితం. ముందుగా సమయం తీసుకోవాలి, ఫొటో గుర్తింపు కార్డు చూపించాలి, సంచులు బయట పెట్టాలి, పుస్తకాలు ఇంటికివ్వరు. పని దినాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు వాళ్ళ సైటులో చూసుకోవాలి. పాత స్క్రిప్టులు, పత్రికల కత్తిరింపులు, ఫొటోలు అడిగితే తెచ్చిస్తారు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు అకాడమీ అవార్డుల డేటాబేస్, విజేతల ప్రసంగాల పూర్తి పాఠాలు ఇంట్లోంచే ఉచితంగా దొరుకుతాయి. విభాగం, సంవత్సరం ఎంచుకుంటే నామినీలందరూ వస్తారు, గెలిచినవాళ్ళ పక్కన గుర్తు ఉంటుంది. 2022 సంవత్సరం ఎంచుకోవాలి, 2023 కాదు: అకాడమీ లెక్క సినిమా విడుదలైన ఏడాదిది, వేడుక జరిగిన ఏడాదిది కాదు.